Agniveer: ఆర్మీలో చేరాలనుకుంటున్నారా? ర్యాలీకి పరిగెత్తే ముందు ఈ లెక్కలు చూస్కోండి!

ఒంటిమిట్ట: కడప-రాజంపేట రోడ్డు పక్క ఊళ్లలో ఇంటర్ అయిపోయిన పిల్లోడు ఉన్న ఇంట్లో ఒక మాట తరచూ వినబడుతుంది. "కువైట్‌కు పంపిద్దామా, మిలటరీకి పోతాడా?" వానొస్తేనే పంట, బోరులో నీళ్లుంటేనే తోట. అందుకే నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం ఏదైనా ఇక్కడ పెద్ద విషయమే. పైగా యూనిఫాం అంటే గౌరవం. 2024 నవంబర్‌లో కడప డీఎస్ఏ స్టేడియంలో అగ్నివీర్ ర్యాలీ పెట్టినప్పుడు రాయలసీమ జిల్లాల యువకులు అక్కడికే వచ్చి పరుగు తీశారు. అయితే ఆర్మీ ఉద్యోగం ఇప్పుడు మన నాయనల కాలం నాటిది కాదు. 2022 తర్వాత నియామకం తీరే మారిపోయింది. మరి చేరే ముందు ఏమేం తెలుసుకోవాలి? ఎంత వస్తుంది? నాలుగేళ్ల తర్వాత పరిస్థితి ఏంటి? వివరంగా చూద్దాం.

మన సైన్యం బలం ఎంత?

మన త్రివిధ దళాల్లో విధుల్లో ఉన్నవాళ్లు దాదాపు 14 లక్షల మంది. అందులో ఆర్మీలోనే సుమారు 12 లక్షల మంది ఉన్నారు. మిగతావాళ్లు వైమానిక దళం, నౌకాదళంలో పనిచేస్తున్నారు. సంఖ్యలో చూస్తే దాదాపు 20 లక్షల మంది ఉన్న చైనా తర్వాత స్థానం మనదే. గ్లోబల్ ఫైర్‌పవర్ 2025 జాబితాలో అమెరికా, రష్యా, చైనా తర్వాత భారత్ 4వ స్థానంలో నిలిచింది.

ఇంకో విశేషం ఏంటంటే, మన దగ్గర ఎవరినీ బలవంతంగా సైన్యంలో చేర్చరు. దక్షిణ కొరియా, ఇజ్రాయెల్, సింగపూర్‌లలో యువకులు కొంతకాలం సైన్యంలో పనిచేసి తీరాల్సిందే. ఇక్కడ చేరేవాళ్లందరూ ఇష్టపడి చేరినవాళ్లే. అంటే నిర్ణయం పూర్తిగా మీది, మీ ఇంట్లోవాళ్లది. ఆలోచించే బాధ్యత కూడా అంతే.

నాలుగేళ్ల పద్ధతి ఎందుకు వచ్చింది?

2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకు కేంద్రం కేటాయించింది రూ.6.81 లక్షల కోట్లు. అందులో పింఛన్లకే దాదాపు రూ.1.60 లక్షల కోట్లు పోతుంది. అంటే ప్రతి 100 రూపాయల్లో 23 రూపాయల పైమాటే. సైన్యం సగటు వయసు తగ్గించడం, కుర్రవాళ్లను ఎక్కువగా తీసుకోవడం లక్ష్యమని చెబుతూ 2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది. పింఛన్ల భారం తగ్గించడం కూడా ఇందులో ఉందని నిపుణులు చెబుతారు. కొవిడ్ కారణంగా అంతకుముందు రెండేళ్లు ఆర్మీ ర్యాలీలు ఆగిపోయాయి. అప్పటికే ఎదురుచూస్తున్న యువకుల్లో ఈ ప్రకటన అలజడి రేపింది.

పాత పద్ధతిలో సిపాయిగా చేరితే 15 ఏళ్లు పూర్తయ్యాక పింఛన్ వచ్చేది. ఇప్పుడు సిపాయి స్థాయిలో చేరేవాళ్లలో దాదాపు అందరూ ముందు అగ్నివీరులే. సర్వీసు నాలుగేళ్లు. ఆ తర్వాత ఒక్కో బ్యాచ్‌లో గరిష్ఠంగా 25 శాతం మందినే పర్మినెంట్‌గా తీసుకుంటారు. వాళ్లు కనీసం మరో 15 ఏళ్లు పనిచేస్తారు. మిగతా 75 శాతం మంది ఇంటికి రావాల్సిందే.

చేతికి ఎంత వస్తుంది?

జీతం లెక్క చాలామందికి సరిగ్గా తెలియదు. మొదటి ఏడాది నెలకు రూ.30 వేలు అని వింటారు. కానీ అందులో 30 శాతం సేవానిధి కింద పక్కకు పోతుంది. ఏడాది వారీగా చేతికి వచ్చేది ఇదీ.

- మొదటి ఏడాది: జీతం రూ.30,000. చేతికి రూ.21,000
- రెండో ఏడాది: జీతం రూ.33,000. చేతికి రూ.23,100
- మూడో ఏడాది: జీతం రూ.36,500. చేతికి రూ.25,550
- నాలుగో ఏడాది: జీతం రూ.40,000. చేతికి రూ.28,000

మొత్తం కలిపితే నాలుగేళ్లలో చేతికి వచ్చేది దాదాపు రూ.11.72 లక్షలు. కోత పెట్టిన సొమ్ము రూ.5.02 లక్షలు అవుతుంది. ప్రభుత్వం అంతే కలుపుతుంది. అంటే బయటికి వచ్చేటప్పుడు రూ.10.04 లక్షలు, దానిపై వడ్డీ వస్తాయి. దీనికి ఆదాయపు పన్ను లేదు. తిండి, బస, బట్టల ఖర్చు ఉండదు కాబట్టి జాగ్రత్తగా ఉంటే జీతంలో చాలా భాగం మిగిలించుకోవచ్చు. కష్టమైన చోట్ల పనిచేస్తే అలవెన్సులు అదనం.

మరి ఏం రాదు? పింఛన్ రాదు. గ్రాట్యుటీ రాదు. నాలుగేళ్లకు బయటికి వచ్చినవాళ్లకు మాజీ సైనికుల హోదా కూడా ఉండదు. సెలవులు ఏడాదికి 30 రోజులు. మధ్యలో నచ్చలేదని మానేసి రావడం కుదరదు. ప్రత్యేక పరిస్థితుల్లో అనుమతి ఉంటే తప్ప నాలుగేళ్లూ పూర్తి చేయాలి. పెళ్లికాని వాళ్లనే తీసుకుంటారు. ఆ నాలుగేళ్లలో పెళ్లి చేసుకోకూడదు. సంబంధం ఖాయం చేసుకున్న ఇళ్లవాళ్లు ఈ మాట ముందే మాట్లాడుకోవాలి.

మురళీ నాయక్ ఉదంతం ఏం చెబుతోంది?

ఇది కష్టమైన మాటే, అయినా అనుకోక తప్పదు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ 2025 మే 9న జమ్మూకశ్మీర్‌లో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో వీరమరణం పొందారు. ఆపరేషన్ సిందూర్ రోజులవి. ఆయన తల్లిదండ్రులకు ఒక్కగానొక్క కొడుకు. మే 11న సొంత ఊళ్లో అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి రూ.50 లక్షలు, 5 ఎకరాల పొలం, ఇంటి స్థలం, ఒకరికి ఉద్యోగం ప్రకటించింది.

విధుల్లో ప్రాణాలు కోల్పోయిన అగ్నివీర్ కుటుంబానికి కేంద్రం నుంచి రూ.48 లక్షల బీమా, రూ.44 లక్షల ఎక్స్‌గ్రేషియా వస్తాయి. మిగిలిపోయిన సర్వీసు కాలానికి జీతం, సేవానిధి కూడా ఇస్తారు. బీమాకు జవాను జేబులోంచి ఏమీ కట్టక్కర్లేదు. విధుల కారణంగా వైకల్యం వస్తే దాని శాతాన్ని బట్టి రూ.15 లక్షలు, రూ.25 లక్షలు లేదా రూ.44 లక్షలు ఇస్తారు. కానీ రెగ్యులర్ జవాను కుటుంబానికి వచ్చినట్టు నెలనెలా ఫ్యామిలీ పింఛన్ రాదు. అగ్నివీరుల కుటుంబాలకూ సమానంగా ఇవ్వాలని పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం 2024లో సిఫార్సు చేసింది. మురళీ నాయక్ తల్లి ఇదే విషయంపై బాంబే హైకోర్టుకు వెళ్లారు.

సరిహద్దులో నిలబడే ప్రమాదం ఇద్దరికీ ఒక్కటే. నిబంధనలు మాత్రం వేరు. ఫారం మీద సంతకం పెట్టే ముందు అబ్బాయి ఒక్కడే కాదు, అమ్మానాన్నలు కూడా ఇది తెలుసుకొని ఉండాలి.

ఎవరు అర్హులు? ఎంపిక ఎట్లా?

కడప జిల్లావాళ్లు గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు పరిధిలోకి వస్తారు. పథకం మొదలైనప్పుడు వయసు పదిహేడున్నర నుంచి 21 ఏళ్లు అని పెట్టారు. ఒక్క 2022లో 23 ఏళ్ల దాకా సడలించారు. వయసు, మార్కుల నిబంధనలు నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది ప్రకటన చూసి ఖాయం చేసుకోవాలి.

- జనరల్ డ్యూటీ: పదో తరగతిలో మొత్తం 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 శాతం మార్కులు
- టెక్నికల్: ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఇంగ్లిష్‌తో 50 శాతం
- క్లర్క్, స్టోర్ కీపర్: ఇంటర్‌లో 60 శాతం
- ట్రేడ్స్‌మన్: పనిని బట్టి పది లేదా ఎనిమిదో తరగతి
- మహిళలు: మిలటరీ పోలీసు విభాగం

2023 నుంచి ముందు ఆన్‌లైన్ పరీక్ష, పాసైతేనే ర్యాలీ. ఒకప్పుడు పరుగు ముందు ఉండేది. అందుకే కేవలం కాళ్లను నమ్ముకుంటే లాభం లేదు. 2025 నుంచి పరీక్ష తెలుగులో కూడా రాసుకోవచ్చు. తప్పు జవాబుకు మార్కులు కోస్తారని గుర్తుంచుకోండి.

ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుంది. 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తి చేస్తే 60 మార్కులు. ఆలస్యమైన కొద్దీ మార్కులు తగ్గుతాయి. 10 పుల్‌అప్స్ తీస్తే 40 మార్కులు. 9 అడుగుల గుంత దూకాలి, వంకర దిమ్మె మీద పడిపోకుండా నడవాలి. ఈ రెండింటికి మార్కులు లేవు కానీ పాస్ కావాలి.

ఇక చాలామంది దెబ్బతినేది మెడికల్‌లోనే. చదునుపాదం, మోకాళ్లు తగలడం, కలర్ బ్లైండ్‌నెస్, చెవిలో ఇన్ఫెక్షన్, కాళ్లలో ఉబ్బిన నరాలు ఉంటే తిరస్కరిస్తారు. నెలల తరబడి పరిగెత్తాక ఆఖర్లో తెలిసి ఏడ్చే బదులు, ప్రాక్టీస్ మొదలుపెట్టకముందే ప్రభుత్వాసుపత్రిలో ఒకసారి చూపించుకోవడం మంచిది. పచ్చబొట్టు ముంజేయి లోపలి వైపు, అరచేతి వెనక వైపు మాత్రమే అనుమతిస్తారు.

ఇంకో జాగ్రత్త. ఎండాకాలంలో మన దగ్గర పొద్దున 8 దాటితే పరుగు ప్రమాదమే. అట్లాగని చీకట్లో హైవే మీద పరిగెత్తొద్దు. లారీలు ఆగవు. స్కూల్ గ్రౌండే మేలు.

దళారులతో, కేసులతో జాగ్రత్త

ఆర్మీ ఉద్యోగం డబ్బులకు రాదు. "లోపల మనోడున్నాడు, రెండు లక్షలిస్తే పని అయిపోతుంది" అనేవాడు ఎవడైనా మోసగాడే. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ ఏ కోచింగ్ సెంటర్ చేతిలోనూ పెట్టొద్దు.

పోలీసు కేసు ఉంటే దారి మూసుకుపోతుంది. 2022 జూన్ 17న అగ్నిపథ్‌కు వ్యతిరేకంగా సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో జరిగిన హింసలో ఒక యువకుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆర్మీ కలతో తిరిగిన పిల్లలు పలువురు కేసుల్లో ఇరుక్కున్నారు. విధ్వంసంలో పాల్గొన్నవాళ్లకు సైన్యంలో చోటు లేదని అధికారులు అప్పుడే చెప్పారు. ఎంపికైనవాళ్లకు పోలీసు వెరిఫికేషన్ తప్పనిసరి.

ఐదో ఏడాది ఏంటి?

అసలు ప్రశ్న ఇదే. 18 ఏళ్లకు చేరినవాడు 22 ఏళ్లకు చేతిలో పది లక్షలతో ఇంటికి వస్తాడు. మొదటి బ్యాచ్ శిక్షణ 2023 జనవరిలో మొదలైంది. వాళ్ల నాలుగేళ్లు 2026 చివర్లో, 2027 మొదట్లో పూర్తవుతాయి.

బయటికి వచ్చినవాళ్లకు కేంద్ర సాయుధ పోలీసు బలగాలు, అస్సాం రైఫిల్స్ ఉద్యోగాల్లో 10 శాతం రిజర్వేషన్, వయసు సడలింపు ఇస్తామని 2022లోనే కేంద్రం ప్రకటించింది. అయితే రిజర్వేషన్ అంటే ఉద్యోగం కాదు, పోటీలో ఒక అవకాశం. అక్కడా పరీక్ష రాయాల్సిందే. పదో తరగతితో చేరినవాళ్లు సర్వీసులోనే ఇంటర్ స్థాయి సర్టిఫికెట్ పొందే ఏర్పాటు ఉంది. దాన్ని వదులుకోవద్దు. డ్రైవింగ్, ఎలక్ట్రికల్, కంప్యూటర్ ఏ పని నేర్పినా కాగితం తెచ్చుకోండి. సేవానిధి వచ్చీ రాగానే కారుకో, పాత అప్పులకో పోతే నాలుగేళ్ల కష్టం నాలుగు నెలల్లో కరిగిపోతుంది.

చదువు మీద పట్టున్న పిల్లలకు వేరే దారి కూడా ఉంది. ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ, డిగ్రీ తర్వాత సీడీఎస్ రాస్తే ఆఫీసర్‌గా చేరొచ్చు. వాటికి ఈ నాలుగేళ్ల నిబంధన వర్తించదు. చిన్నపిల్లలైతే 6, 9 తరగతుల్లో కలికిరి సైనిక్ స్కూల్ ఎంట్రన్స్ రాయించొచ్చు. మన ప్రాంతానికి అది దగ్గరే.

ఎవరిని అడగాలి?

ఒంటిమిట్ట పక్కన సిద్ధవటం మండలంలో మాధవరం అంటే చేనేత చీరలు గుర్తొస్తాయి. పశ్చిమ గోదావరిలో ఇంకో మాధవరం ఉంది. దాన్ని మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి అక్కడ ఇంటింటికీ సైనికులే. అక్కడి పిల్లోడికి సందేహం వస్తే తాతనో, మేనమామనో అడుగుతాడు. మన దగ్గర అందరికీ ఆ వీలు లేదు. అలాంటప్పుడు ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉన్న మాజీ సైనికుడి దగ్గర ఒక సాయంత్రం కూర్చోండి. కడపలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనూ అడగొచ్చు. దరఖాస్తు మాత్రం ఆర్మీ అధికారిక వెబ్‌సైట్‌లోనే చేయాలి.

ఫారం నింపే ముందు ఇంట్లో అందరూ కూర్చొని ఐదు ప్రశ్నలు వేసుకోండి.

1. ఆ 25 శాతంలో లేకపోతే ఏం చేస్తాడు?
2. సేవానిధి డబ్బు దేనికి వాడాలి?
3. చదువు సర్వీసులో ఉండగా కొనసాగిస్తాడా?
4. ఇంటి అప్పు, చెల్లెలి పెళ్లి లాంటివి చేతికొచ్చే ఆ రూ.21 వేల మీదే ఆధారపడి ఉన్నాయా?
5. ప్రమాదం మాట అమ్మానాన్నలతో నోరు తెరిచి మాట్లాడాడా?

ఈ ఐదింటికీ జవాబులు ఉన్నాయంటే ధైర్యంగా పరిగెత్తొచ్చు. లేవంటే ఇంకో ఏడాది ఆలోచించుకున్నా తప్పు లేదు, వయసు పరిమితి మాత్రం చూసుకోండి.