ఉపాధ్యాయ సంఘాలు: సభ్యుల అభిప్రాయ సేకరణ, కార్యాచరణ ప్రణాళిక

ఉపాధ్యాయ సంఘం తన ఏడాది కార్యక్రమాన్ని, ప్రభుత్వం ముందు పెట్టే కోర్కెలను సభ్యుల మాటను బట్టి ఖరారు చేసుకునే పద్ధతి ఇది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీటీఎఫ్, ఎస్‌టీయూ, 1974లో ఏర్పడిన యూటీఎఫ్ వంటి సంఘాలు మండల, జిల్లా, రాష్ట్ర శాఖలుగా పనిచేస్తాయి. కింద తలెత్తిన సమస్య తీర్మానంగా పైకి వెళ్తుంది.

పశ్చిమ ప్రకాశంగా పిలిచే ప్రాంతంలోని కొనకనమిట్ల వంటి మెట్ట మండలంలో సభ్యుల మాట వినే పనికి మంచి అదను సభ్యత్వ నమోదు. కార్యకర్త బడికి వెళ్ళి రసీదు రాస్తుండగానే సంగతులు బయటికొస్తాయి: ఆగిపోయిన జీపీఎఫ్ లోను, రాని సరెండర్ లీవు డబ్బు, సర్వీసు రిజిస్టరుకెక్కని ఇంక్రిమెంటు. మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో తేలేది అక్కడే తేల్చుకోవాలి, జిల్లా విద్యాధికారి (డీఈవో) దాకా వెళ్ళాల్సింది జిల్లా శాఖ చూసుకోవాలి, జీవో మారితే తప్ప తీరనిది రాష్ట్ర కౌన్సిల్‌కు చేరాలి. ఈ వడపోత సరిగ్గా జరిగితే ప్రణాళిక సగం తయారైనట్టే. ఏకోపాధ్యాయ పాఠశాల టీచరు మాత్రం సెలవు పెడితే, బదులు మనిషిని పంపకపోతే, బడి మూతే. పనిరోజు పెట్టిన సమావేశానికి ఆయన రాలేడు. ఆయన దగ్గరికి సంఘమే వెళ్ళాలి.

కింది మాటకూ పై నిర్ణయానికీ పొంతన కుదరకపోతే ఏమవుతుందో 2022లో వేతన సవరణ (పీఆర్సీ)పై జరిగిన ఉద్యమం చూపింది. జనవరి 17 నాటి జీవోలతో ఫిట్‌మెంట్ 23 శాతమే అయింది. అప్పటిదాకా అందుతున్న మధ్యంతర భృతే 27 శాతం. పల్లెల్లో 12 శాతంగా ఉన్న ఇంటి అద్దె భత్యం 8కి పడిపోయింది. ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’కు ఉద్యోగులు, టీచర్లు పోలీసు ఆంక్షలు దాటుకుని వేల సంఖ్యలో వచ్చారు. రెండు రోజులకే ఉద్యోగ, ఉపాధ్యాయ సంఘాల ఉమ్మడి స్టీరింగ్ కమిటీ మంత్రులతో ఒప్పందానికి వచ్చి సమ్మె పిలుపును వెనక్కి తీసుకుంది. 50 వేల లోపు జనాభా ఉన్న ఊళ్ళకు అద్దె భత్యం 10 శాతం దగ్గర ఆగింది, ఫిట్‌మెంట్ కదలలేదు. రోడ్డెక్కిన టీచరు అడిగింది ఇది కాదు. ఉపాధ్యాయ సంఘాలు ఆ ఒప్పందాన్ని తోసిపుచ్చి కమిటీ నుంచి బయటికొచ్చాయి. సంతకానికి ముందు ఒక్కసారి జిల్లాలను అడిగి ఉండాల్సింది.

కింది మాట పైదాకా నిలిచిన సందర్భమూ ఉంది. అదే ఏడాది జూన్‌లో వచ్చిన 117 జీవో 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలల్లో కలిపింది. బడి దూరమైన పిల్లల సంగతి ముందు తెలిసింది ఆ ఊళ్ళ టీచర్లకే. ఆ జీవోను రద్దు చేయాలన్న కోరిక సంఘాల తీర్మానాల్లో నిలిచింది. 2025లో ఆ జీవో రద్దయింది.