రాజ్యాంగ సభలో దుర్గాబాయి

దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లిని కాదని పుట్టింట్లోనే ఉండిపోయారు. హిందీ నేర్చుకుని, పిల్లప్రాయంలోనే ఊళ్లో ఆడపిల్లలకు హిందీ పాఠశాల పెట్టారు.

1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర ఆమె వలంటీరు. టికెట్ లేనిదే ఎవరినీ లోపలికి పంపవద్దని పెద్దలు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. చేతిలో టికెట్ లేదు. పధ్నాలుగేళ్ల దుర్గాబాయి ఆయన్ని ఆపేశారు. నిర్వాహకులు పరుగున వచ్చి కోప్పడ్డా కదల్లేదు. టికెట్ కొని ఇచ్చాకే దారి వదిలారు.

ఆమెను న్యాయశాస్త్రం వైపు నడిపింది జైలు. ఉప్పు సత్యాగ్రహంతో మొదలై 1930-33 మధ్య మూడుసార్లు శిక్ష పడింది. మదురై జైల్లో హత్యానేరం మోపబడిన ఆడవాళ్లను దగ్గరగా చూశారు. వాళ్లలో చాలామందికి తమ మీద కేసేమిటో, కోర్టులో ఏం జరిగిందో కూడా తెలియదు. బయటికి వచ్చాక బెనారస్ నుంచి మెట్రిక్, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి పట్టా సాధించారు. వాల్తేరులోని ఆ విశ్వవిద్యాలయం ఆడపిల్లలకు హాస్టల్ లేదని సీటివ్వడానికి వెనకాడితే, చదవాలనుకునే అమ్మాయిలను కూడగట్టి హాస్టల్ తామే నడుపుకున్నారు. 1942లో మద్రాసులో లా పూర్తిచేసి వకీలు వృత్తి చేపట్టారు. అంతకుముందే అక్కడ ఆంధ్ర మహిళా సభను స్థాపించారు.

వకీలుగా పనిచేసింది కొద్ది ఏళ్లే. 1946లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభలో ఉన్న మహిళలు 15 మంది. అధ్యక్షుల ప్యానెల్‌లో చోటు దొరికిన మహిళ ఆమె ఒక్కరే. అక్కడ ఆమె వకీలు చూపు అక్షరం అక్షరంలో కనబడుతుంది. ప్రజలకు చెందిన హిందూ ఆలయాలను తెరిపించే నిబంధన ముసాయిదాలో "ఏదైనా వర్గానికి" అని ఉంది. ఆ మాట అలాగే ఉంటే ఒక వర్గానికి తలుపు తీసి, మరో వర్గాన్ని గుమ్మం బయట నిలబెట్టవచ్చు. దాని బదులు "అన్ని వర్గాలకూ" అని ఉండాలని ఆమె సవరణ ప్రతిపాదించారు, సభ ఒప్పుకుంది. ఇవాళ్టి 25వ అధికరణంలో ఉన్నది ఆ మాటే. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 కాదు, 30 చాలన్న సవరణ కూడా ఆమెదే. ఆలయ ప్రవేశం గురించి ఎంతోమంది గొప్పగా ప్రసంగించారు. చట్టంలో సందు మిగలకుండా చూడటం అంతకన్నా విలువైన పని.

1950 నుంచి తాత్కాలిక పార్లమెంటు సభ్యురాలిగా హిందూ కోడ్ బిల్లును గట్టిగా సమర్థించారు. 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. ఆ ఏడే ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953 జనవరిలో అప్పటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. నెహ్రూ సాక్షి సంతకం చేశారు. అదే ఏడు ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు ఆమే.

1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి, మన దేశంలోనూ అవి కావాలని నెహ్రూకూ న్యాయమూర్తులకూ చెబుతూ వచ్చారు. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది.