ముసవ్వదాకూ ఒక సనద్ కావాలి: వెలుగు చూడని వీడియో గేముల తారీఖ్

ఉర్దూలో రాతప్రతికి రెండు పేర్లున్నాయి. కొట్టివేతలతో, దిద్దుబాట్లతో నల్లబడ్డ చిత్తుప్రతి ముసవ్వదా. దాన్నే శుభ్రంగా తిరగరాస్తే ముబయ్యజా. మొదటి మాటలో నలుపుంది, రెండో మాటలో తెలుపుంది. లోకం చేతికొచ్చేది తెల్లప్రతే. నల్లప్రతి ముసన్నిఫ్ పెట్టెలోనో, కాతిబ్ ఇంటి అటక మీదో పడి ఉంటుంది. ఎవరైనా కద్ర్ తెలిసినవాళ్లు దాస్తే దక్కుతుంది, లేకపోతే చెదల పాలవుతుంది.

వీడియో గేములకూ ముసవ్వదాలుంటాయి. వాటిని ప్రోటోటైపులంటారు. కొన్ని ఆటలకైతే ముసవ్వదా తప్ప ముబయ్యజా లేనే లేదు. పూర్తిగా తయారై కూడా బజారుకు రాలేదు. 'ఆటలకు కూడా తారీఖ్ ఏంటి భాయ్' అనుకోకండి. ఒక జమానాలో కోట్ల మంది పిల్లలు ఏం చూశారు, వాళ్ల కోసం ఎవరు ఏం కల్పించారు అన్నది కూడా తారీఖే. పైగా దీన్ని కాపాడింది సర్కారు కాదు, యూనివర్సిటీ కాదు, చాలావరకు కంపెనీలు కూడా కాదు. షౌఖ్ ఉన్న మామూలు మనుషులు.

1980, 90లలో ఆట అంటే మన పిల్లలు 'క్యాసెట్' అని పిలిచిన ప్లాస్టిక్ డబ్బా. అసలు పేరు కార్ట్రిడ్జ్. దుకాణంలో అమ్మే కార్ట్రిడ్జ్‌లో ఆటను ఫ్యాక్టరీలోనే చిప్పులో అచ్చు వేసేస్తారు. అది ఇక మారదు. తయారీలో ఉన్న ఆట రోజూ మారుతుంది కాబట్టి దాన్ని ఈప్రామ్ అనే మరో రకం చిప్పులో రాసుకునేవారు. దాని నెత్తిన చిన్న అద్దపు కిటికీ ఉంటుంది. అందులోంచి అతినీలలోహిత కాంతి పంపితే రాసింది చెరిగిపోతుంది, మళ్లీ కొత్తది రాసుకోవచ్చు. వెలుతురు తగలకుండా కిటికీ మీద ఒక స్టిక్కర్ అంటించి, దాని మీద పెన్నుతో ఆట పేరు, తేదీ రాసేవారు. ప్రోటోటైపు అంటే చాలాసార్లు ఇంతే. పెట్టె లేదు, బొమ్మ లేదు, చేతిరాత ఒక్కటే.

ఇవి బయటికెలా వచ్చాయి? ఆట విడుదలకు నెలల ముందే సమీక్ష కోసం పత్రికాఫీసులకు పంపేవారు. కొన్ని అక్కడే మిగిలిపోయాయి. కొన్ని ఉద్యోగం మానేసినవాళ్ల బీరువాల్లో దొరికాయి. దివాలా తీసిన కంపెనీల సామాను వేలంలో ఇంకొన్ని వచ్చాయి. 1983లో అమెరికాలో వీడియో గేముల బజారు కుప్పకూలినప్పుడు అటారీ కంపెనీలో ఎన్నో ఆటలు సగంలోనే ఆగిపోయాయి. 'ఈటీ' ఆట రాసిన హోవర్డ్ స్కాట్ వార్షా 'సాబటూర్' అనే మరో ఆట మొదలుపెట్టాడు. అది జనం చేతికి అధికారికంగా వచ్చింది 2004లో, ఇరవై ఏళ్ల తర్వాత.

ఇక్కడ అసలు చిక్కు సబూత్‌ది. ఎవరో వచ్చి 'నా దగ్గర విడుదల కాని ఆట ఉంది' అంటే నమ్మేదెలా? మన పెద్దలు రివాయత్‌ను ఎలా తూచారో మదర్సా గడప తొక్కిన ప్రతి ఒక్కరికీ తెలుసు. మాట ఏంటన్నది ఒకటే కాదు. ఎవరి నుంచి ఎవరు విన్నారు, ఆ రావీ ఎలాంటివాడు, మధ్యలో కొలికి ఎక్కడైనా తెగిందా అని చూసేవారు. హదీస్ దర్జా ఎక్కడ, ఆట క్యాసెట్ ఎక్కడ! రెంటినీ పక్కపక్కన పెట్టడం లేదు, అస్తగ్ఫిరుల్లాహ్. పరీక్షించే పద్ధతి గురించే చెబుతున్నా.

సనద్ లేకపోతే ఏమవుతుందో 'బయో ఫోర్స్ ఏప్' కథ చెబుతుంది. జపాన్‌కు చెందిన సేటా కంపెనీ నింటెండో 8-బిట్ యంత్రం కోసం చేసిన ఆట ఇది. 1990ల మొదట్లో పత్రికల్లో ఫొటోలు పడ్డాయి, ఆ తర్వాత జాడ లేదు. 2005లో ఒకాయన తన దగ్గర ఆ ఆట ఉందని ఇంటర్నెట్‌లో బొమ్మలు పెట్టాడు. జనం సంబరపడ్డారు. చివరికి తేలిందేమిటంటే అవన్నీ ఆయన సొంతంగా గీసిన బొమ్మలు, అచ్చంగా మౌజూ రివాయత్! ఐదేళ్ల తర్వాత, 2010లో జపాన్‌లో ఒక ఆన్‌లైన్ వేలంలో నిజమైన కార్ట్రిడ్జ్ తేలింది. ఫ్రాంక్ సిఫాల్డీ అనే అమెరికన్ పరిశోధకుడు, తోటి షౌఖీన్‌లు చందాలు వేసుకుని దాన్ని కొన్నారు. ప్రతి తీసి లోకమంతటికీ ఇచ్చేశారు. మన దగ్గర మస్జిద్ మరమ్మతుకు వేసుకున్నట్టే, తలా కొంత.

ఇంకో కథలో దీనికి ఉల్టా జరిగింది. అక్కడ అసలుదాన్నే నకిలీ అన్నారు. షిగెసాతో ఇతోయ్ జపాన్‌లో పేరున్న ప్రకటనల రచయిత. ఆయన రూపొందించిన 'మదర్' ఆట 1989లో అక్కడ విడుదలైంది. 1990 నాటికి దాని ఇంగ్లిష్ తర్జుమా కూడా పూర్తయింది. అయితే అప్పటికి కొత్త 16-బిట్ యంత్రం తలుపు దగ్గర నిలబడి ఉంది. పాత యంత్రం కోసం చేసిన ఈ ఆటను అమెరికాలో విడుదల చేయకుండా పక్కన పెట్టేశారు. 1990ల చివర్లో దాని ప్రోటోటైపు ఒకటి బయటపడింది. 1998లో డెమిఫోర్స్ అనే బృందం దాని ప్రతిని ఇంటర్నెట్‌లో ఉంచింది. 1995లో అమెరికాకు వచ్చిన ఆట పేరు 'ఎర్త్‌బౌండ్' కాబట్టి, దీనికి తేడా తెలియడానికి పేరు చివర 'జీరో' అని తగిలించారు. నుస్ఖాలో తమ చేత్తో ఒక్క మాట కలిపారు. దాంతో షక్ మొదలైంది. 'ఇది ఎవరో ఇంట్లో కూర్చుని చేసుకున్న తర్జుమా' అన్నారు కొందరు.

ఆ షక్ తీరడానికి ఏళ్లు పట్టింది. అదే ఆట ఉన్న మరికొన్ని ప్రోటోటైపులు వేరే చేతుల నుంచి వచ్చాయి. తర్జుమా పని చూసిన నింటెండో మాజీ ఉద్యోగి గవాహీ ఇచ్చాడు. చివరికి 2015లో నింటెండోయే ఆ పాత ఇంగ్లిష్ ఆటను 'ఎర్త్‌బౌండ్ బిగినింగ్స్' పేరుతో విడుదల చేసింది. కాతిబ్ నుస్ఖాలో ఒక్క నుక్తా సొంతంగా పెట్టినా దాని మీద భరోసా ఎందుకు సడలుతుందో ఈ కథలో కనిపిస్తుంది.

అందుకే ఇప్పుడు ఈ పని చేసేవారికి ఒక దస్తూర్ ఏర్పడింది. ముందు కార్ట్రిడ్జ్‌ను అన్ని వైపుల నుంచి ఫొటో తీస్తారు. స్టిక్కర్ మీది చేతిరాత, తేదీ, చిప్పుల మీది అంకెలు నమోదు చేస్తారు. ఎవరి దగ్గర నుంచి ఎవరికి వచ్చిందో రాసుకుంటారు. చిప్పులోని సమాచారాన్ని ఒకటికి రెండుసార్లు చదివించి, రెండూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో లెక్క కట్టి చూస్తారు. చివర్లో విడుదలైన ఆట ఉంటే దానితో పోలుస్తారు. 'సోనిక్' ఆట 1991లో వచ్చింది. దాని ప్రోటోటైపు కోసం దాదాపు ముప్ఫై ఏళ్లు వెతికారు. 2021 జనవరి 1న హిడెన్ ప్యాలెస్ అనే సంరక్షకుల బృందం దాని ప్రతిని బయటపెట్టింది. పాత పత్రికల ఫొటోల్లో మాత్రమే కనిపించిన ఎగిరే పళ్లాలు అందులో ఆకాశంలో తిరుగుతూ కనిపించాయి. అమ్మిన ఆటలో అవి లేవు. చేసినవాళ్లు ఏం అనుకున్నారు, ఏది వద్దనుకున్నారు అన్నది ముసవ్వదా మాత్రమే చెప్పగలదు.

అయితే వక్త్ తక్కువ. ఈప్రామ్ చిప్పులో రాతను నిలిపి ఉంచేది విద్యుదావేశం. అది సంవత్సరాల తరబడి మెల్లగా కారిపోతుంది. స్టిక్కర్ ఊడి ఎండ తగిలితే ఇంకా తొందరగా పోతుంది. అప్పుడు డబ్బా చేతిలో ఉంటుంది, ఆట ఉండదు.

ఇక్కడే బజారు అడ్డొస్తుంది. ఒకే ఒక్క ప్రతి అనుకుంటేనే ధర. సోనీ, నింటెండో కలిసి చేయాలనుకుని విడిపోయిన యంత్రం నమూనా ఒకటి 2020లో 3,60,000 డాలర్లకు అమ్ముడుపోయింది. అలాంటి బజారులో డబ్బు పోసి ప్రోటోటైపు కొన్నవాడు దాని ప్రతిని జనానికి ఇస్తే తన సొత్తు విలువ పడిపోతుందని భయపడతాడు. అందుకని తాళం వేస్తాడు. తాళం లోపల చిప్పు తన పని తాను చేసుకుపోతుంది.

తాళం తీసినవాళ్లూ ఉన్నారు. 2008లో హిడెన్ ప్యాలెస్ దాదాపు వెయ్యి ప్రోటోటైపులను ఒక్కసారిగా బయటపెట్టింది. 2017లో సిఫాల్డీ వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ స్థాపించాడు. 1991 మొదట్లో ప్రదర్శనలో కనిపించి మాయమైన 8-బిట్ 'సిమ్‌సిటీ'ని ఆ సంస్థ 2018లో వెలికి తెచ్చింది. కంపెనీలకు కూడా కొంత ఎరుక కలిగింది. 'స్టార్ ఫాక్స్ 2' 1990ల మధ్యలోనే పూర్తయినా, కొత్త యంత్రం రాబోతోందని నింటెండో అటకెక్కించింది. సగం తయారైన ప్రతులు చేతులు మారుతూ ఆ పేరును బతికించాయి. 2017 సెప్టెంబరులో నింటెండోయే పూర్తి ఆటను విడుదల చేసింది. దాని మీద పనిచేసిన డిలన్ కత్‌బర్ట్ అప్పుడు పడుచువాడు. తన పని జనం చేతికి చేరేసరికి ఇరవై ఏళ్లు దాటాయి.

మరి హక్కు ఎవరిది? కానూన్ సూటిగానే ఉంది: డబ్బా కొన్నవాడికి డబ్బా మీదే హక్కు, ఆట మీద కాపీరైట్ కంపెనీదే. అనుమతి లేకుండా ప్రతులు పంచడం చాలా దేశాల్లో చట్టం ముందు నిలవదు. అమెరికాలో విడుదలైన పాత ఆటల్లోనే 87 శాతం ఇప్పుడు బజారులో దొరకడం లేదని ఆ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. అసలు విడుదలే కానివాటి సంగతి చెప్పేదేముంది? గ్రంథాలయాలు పాత ఆటలను పరిశోధకులకు దూరం నుంచి చూపించేందుకు అనుమతి కోరితే, 2024లో అమెరికా కాపీరైట్ కార్యాలయం కుదరదంది.

అమానత్‌ను హక్కుదారులకు చేర్చమని సూరా నిసాలో హుకుం ఉంది. ఈ అమానత్‌కు హక్కుదారులు ఎందరో. మాలిక్ అయిన కంపెనీ ఉంది. రాత్రింబవళ్లు పనిచేసి, పెట్టె మీద పేరైనా చూసుకోలేకపోయిన కారీగర్లున్నారు. రేపు చదువుకోవాలనుకునే నస్ల్ ఉంది. వీరిలో ఎవరి హక్కు ముందన్నది ఉలమా, వకీళ్లు తేల్చాలి. నేను ఫత్వా ఇవ్వడం లేదు. ఒక్కటి మాత్రం సాఫ్‌గా కనిపిస్తోంది: చెరిగిపోయిన చిప్పును ఏ హక్కుదారుకూ అప్పగించలేం. కాబట్టి ముందు చదివి భద్రపరచాలి, సనద్ రాయాలి, ఒకటికి రెండు చోట్ల ఉంచాలి. ఎవరికి ఎప్పుడు తెరవాలన్న బహస్ ఆ తర్వాత ఎంతసేపైనా చేసుకోవచ్చు. బహస్‌కు వక్త్ ఉంది, చిప్పుకు లేదు.