వారాల నుంచి హాస్టల్ మెస్ దాకా

ఏలూరులో కాలేజీ లేని కాలంలో దెందులూరు, పెదవేగి, కొల్లేటి లంకల పిల్లవాడు హైస్కూలు దాటి చదవాలంటే ఊరు విడవక తప్పేది కాదు. రాజమహేంద్రవరంలో 1873 నాటి ప్రభుత్వ కళాశాల ఉండేది, మచిలీపట్నంలో నోబుల్ కళాశాల ఉండేది, కాకినాడలో పిఠాపురం రాజా కళాశాల ఉండేది. సీటు దొరికినా రెండు పూటలా కడుపు నిండే దారి వేరే వెతుక్కోవలసి వచ్చేది.

ఆ దారుల్లో పాతది వారాలు చేసుకోవడం. ఆదివారం ఒక ఇల్లు, సోమవారం మరొక ఇల్లు, ఇలా ఏడు రోజులకు ఏడు ఇళ్లు కుదుర్చుకుని కుర్రవాడు చదువు సాగించేవాడు. ఒక వారం కుదరకపోతే ఆ రోజు పస్తే. అయినా వేళకు రాకపోతే కబురు పెట్టే ఇల్లాలు, జ్వరమొస్తే మిరియాల కషాయం కాచి చారన్నం పెట్టే ముసలమ్మ ఈ ఏర్పాటులో ఉండేవారు. పరాయి ఊళ్లో పిల్లవాడి ఒంటిని కనిపెట్టి చూసేది వాళ్లే. కొంత డబ్బున్నవారు పూటకూళ్ల ఇంట్లో తినేవారు. వీటిని నడిపినవారిలో వితంతువులు ఎందరో. టంగుటూరి ప్రకాశం తల్లి సుబ్బమ్మ భర్త పోయాక ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపే పిల్లల్ని పెంచింది. గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మ నవ్వుల పాత్రగా నిలిచిపోయింది గాని, ఇలాంటి స్త్రీల రెక్కల కష్టం మీద చదువుకున్న తరాలకు ఆమె అంతకంటే పెద్ద మనిషి.

వారాల అన్నం అందరికీ అందలేదు. అది ప్రధానంగా బ్రాహ్మణ ఇళ్ల ఆచారం, పంక్తిలో కూర్చోగల కులాల పిల్లలకే పరిమితం. దళిత విద్యార్థికి పట్నంలో అద్దెగది కూడా పుట్టేది కాదు. పిఠాపురం మహారాజా అండతో రఘుపతి వేంకటరత్నం నాయుడు కాకినాడలో హరిజన విద్యార్థులకు వసతిగృహం నడపడం అందుకే ఈ కథలో అసలు మలుపు.

1945లో ఏలూరులో సి.ఆర్. రెడ్డి కళాశాల, 1953లో స్త్రీలకు సెయింట్ థెరిసా కళాశాల వచ్చాక దూరం తగ్గింది. రైలు మార్గం మీదున్న దెందులూరు పిల్లలు ఇంట్లో తిని పాసింజరు ఎక్కగలిగారు. బస్సులు పెరిగాక పల్లెల నుంచి పట్నంలోని గదులకు క్యారేజీలు వెళ్లేవి. గదిలో ఉండేవారికి ఇంటి నుంచి ఆవకాయ జాడీ, కందిపొడి, నెయ్యి, సున్నుండలు వచ్చేవి. వీటిలో పప్పు, నూనె, నెయ్యి ఉండడం వల్ల మెస్ కూర పల్చబడినా ఒంట్లో సత్తువ నిలిచేది. ఆకుకూర, పాలు, పండు మాత్రం ఆ డబ్బాల్లో వచ్చేవి కావు. కాలవల నీరు, దోమలు నిండిన ఈ డెల్టాలో మలేరియా, బోదకాలు, కలుషిత నీటితో వచ్చే జబ్బులు విద్యార్థులకూ తప్పలేదు. కాచి చల్లార్చిన నీళ్లు, దోమతెర అన్నవి తల్లుల చాదస్తపు జాగ్రత్తలు కావు, అవసరాలు.

స్వాతంత్ర్యం తరువాత సాంఘిక సంక్షేమ, బీసీ హాస్టళ్లు విద్యార్థికి నీడ, అన్నం ఇచ్చే బాధ్యతను ప్రభుత్వానికి మార్చాయి. కులం అడ్డున్న చోట అన్నం హక్కుగా మారింది. కానీ ధరలు పెరిగినంత వేగంగా మెస్ చార్జీలు పెరగలేదు. వాటిని పెంచాలన్నది విద్యార్థి సంఘాల ధర్నాల్లో ఎప్పటికీ తీరని డిమాండు. పలచటి పప్పుచారు, తెరిచి ఉన్న నీళ్ల ట్యాంకు, నిండిపోయిన మరుగుదొడ్లు పిల్లల ఆరోగ్యాన్ని తినేశాయి.

2008లో నూజివీడులో ట్రిపుల్ ఐటీ తెరవడంతో పదో తరగతి పాసైన పల్లె పిల్లలు ఆరేళ్లు క్యాంపస్‌లోనే ఉండే చదువు వచ్చింది. 2015లో తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ మొదలైంది. ఇలాంటి క్యాంపస్‌లలో వేలమందికి ఒకేసారి వండే వంటశాలలో ఒక్క పూట నిర్లక్ష్యం హాస్టలంతటినీ మంచాన పడేయగలదు. అందుకే నీటి పరీక్ష, వంటవాళ్ల చేతుల శుభ్రత అక్కడ పాఠం ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డొక్కా సీతమ్మ పేరిట ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో మధ్యాహ్న భోజనం ప్రారంభించింది. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టిన సీతమ్మ పేరు దానికి తగినదే. అద్దెగదిలో ఉండి చదివేవారికి ఉదయం టిఫిను, రాత్రి భోజనం ఇప్పటికీ సొంత ఖర్చే.