‘శతాబ్ది సమరము’ – ఒక మూకీ హాస్యచిత్ర చరిత్ర

సినిమాకు మాట రాని దినములలో నవ్వించు భారమంతయు నటుని దేహముపైననే యుండెను. జారిపడుట, తన్నులు తినుట, తరుముట, తప్పించుకొనుట – ఇవియే నాటి హాస్యమునకు ముడిసరకులు. పెద్దలు దీనిని మోటుహాస్యమని తేలికగా చూచిరి. తోలుబొమ్మలాటలో కేతిగాని చేష్టలకు పగలబడి నవ్వి, మరునాడు దానిని కళ యనుటకు సంకోచించువారు ఏ దేశమునందైనను కలరు గదా!

అట్టి చిత్రములలో నొకటి ‘ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచురీ’, అనగా ‘శతాబ్ది సమరము’. అమెరికాలోని కాలిఫోర్నియాలో హాల్ రోచ్ సంస్థ దీనిని నిర్మించి 1927 డిసెంబరు 31న విడుదల చేసెను. దర్శకుడు క్లైడ్ బ్రక్‌మన్. రెండు రీళ్ల చిన్న చిత్రము. బక్కపలుచని స్టాన్ లారెల్, స్థూలకాయుడైన ఆలివర్ హార్డీ జంటగా కుదురుకొనుచున్న కాలమది.

మొదటి రీలు ముష్టియుద్ధము. ఆ యేడు సెప్టెంబరు 22న షికాగోలో డెంప్సీ, టన్నీ అను యోధుల నడుమ పోటీ జరిగెను. టన్నీని పడగొట్టిన డెంప్సీ నియమము ప్రకారము వెంటనే దూరపు మూలకు పోనందున మధ్యవర్తి అంకెలు లెక్కించుట ఆలస్యమయ్యెను. ఆ వ్యవధిలో టన్నీ లేచి, తుదకు గెలిచెను. చిత్రము ఎగతాళి చేసినది ఈ సంఘటననే. అమాయకుడైన లారెల్ గుడ్డిదెబ్బతో వస్తాదును పడగొట్టి, మూలకు పొమ్మన్నను పోక నిలుచును. వస్తాదు తెప్పరిల్లి అతనిని చిత్తుచేయును.

కీర్తి తెచ్చినది రెండవ రీలు. లారెల్ పేర ప్రమాదబీమా తీసిన హార్డీ, వాడు జారిపడినచో సొమ్ము చేతికి వచ్చునని దారిలో అరటితొక్క వేయును. దానిపై కాలు వేసినది లారెల్ కాదు, ‘పై’లు మోయు పనివాడు. పై యనగా పిండితో చేసిన గిన్నెవంటి దానిలో పండ్లగుజ్జో మీగడో నింపిన తీపి వంటకము. వాడు లేచి ఒకటి తీసి హార్డీ ముఖమున కొట్టెను. తిరిగి విసరినది గురితప్పి మరొకరికి తగిలెను. ఆ మరొకరు ఊరకుందురా? దారినపోవువారు, కారులోని దొరసాని, దంతవైద్యుని యెదుట నోరు తెరచుకొని యున్న రోగి – ఎవ్వరికిని తప్పలేదు. ఇందుకు 3,000 పైలు ఖర్చయ్యెనని ప్రతీతి.

పైలు విసరుట అప్పటికే పాతబడిన హాస్యము. ఇందలి క్రొత్తదనము తాపీలో నున్నది. దెబ్బతిన్నవాడు ముఖము తుడుచుకొని, క్షణమాలోచించి, తీరికగా బదులు తీర్చుకొనును. ఇరువురి గట్టు తగాదా ఊరి కొట్లాట యగునట్లు రభస మెట్టుమెట్టుగా పెరుగును.

ఈ మెట్లే కొన్ని దశాబ్దములు కనుమరుగైనవి. నాటి నైట్రేటు ఫిల్ము ఇట్టే అంటుకొనును. పెట్టెలో నున్నను క్రమముగా చివికి పొడియగును. మాటల చిత్రములు వచ్చిన పిదప మూకీలను కాపాడవలెనన్న తలంపు నిర్మాతలకే కొరవడెను. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ మద్రాసులో తీసిన 1921 నాటి ‘భీష్మ ప్రతిజ్ఞ’ కూడ నేడు చూచుటకు లేదు.

1957లో రాబర్ట్ యంగ్‌సన్ ‘ది గోల్డెన్ ఏజ్ ఆఫ్ కామెడీ’ అను సంకలన చిత్రములో పైల యుద్ధమును కుదించి చేర్చెను. ఆయన అట్లు చేయకున్న అదియు దక్కెడిది కాదు. అయినను, కుదించిన తునకలో దెబ్బలు మిగిలినవి, వాని వెనుకటి ఓర్పు మిగులలేదు. 1970 దశకమున మొదటి రీలు దొరకెను. రెండవది పూర్తిగా దొరకుటకు 2015 వరకు ఆగవలసి వచ్చెను. జాన్ మిర్సాలిస్ అను సేకర్త, గార్డన్ బెర్కో సేకరణ నుండి తనకు వచ్చిన ఫిల్ములను పరిశీలించుచు, ఒకప్పుడు యంగ్‌సన్ యొద్ద నుండిన 16 మి.మీ. ప్రతిని గుర్తించెను. 2020లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అను అమెరికా మహాగ్రంథాలయము, కాపాడదగిన చిత్రముల జాతీయ పట్టికలో దీనిని చేర్చెను.

హార్డీకి బీమాపత్రము అంటగట్టు చిన్న ఘట్టము మాత్రము దొరకలేదు. పునరుద్ధరించిన ప్రతిలో ఆ చోట నిశ్చలచిత్రములతో కథ నడిపిరి.