51వ కీర్తన

బైబిలు పాత నిబంధనలోని కీర్తనల గ్రంథంలో పశ్చాత్తాప ప్రార్థన. ఇది రాజైన దావీదు ఈ సందర్భంలో చేసిందని శీర్షిక చెబుతుంది: అతడు బత్షెబతో వ్యభిచరించి, ఆమె భర్త ఊరియాను యుద్ధంలో చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి ఒక కథ చెప్పాడు: అతిథి కోసం ఓ ధనవంతుడు పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కుని వండించాడట. దావీదు మండిపడ్డాక, ఆ మనిషివి నువ్వేనన్నాడు (2 సమూయేలు 12).

అయినా కీర్తన లోపల బత్షెబ పేరుగానీ, ఊరియా పేరుగానీ లేవు. ఎవరైనా తమ తప్పును అందులో పెట్టుకుని చదువుకోగలగడానికి బహుశా అదే కారణం. సాకులూ కనిపించవు. కడగమని అడిగే చోట హీబ్రూలో వాడిన క్రియ చేతులు కడుక్కోవడానికి వాడేది కాదు, మురికి బట్టలను తొక్కి ఉతకడానికి వాడేది. శుద్ధి చేయమంటూ కీర్తన పేర్కొనే హిస్సోపు, కుష్ఠు శుద్ధి కర్మలో నీళ్లు, రక్తం చిలకరించడానికి వాడిన మొక్క (లేవీయకాండము 14). బలి పశువుకన్నా విరిగిన మనసే దేవుడికి ఇష్టమన్నది ఇందులో కీలకం. యెరూషలేము గోడలు కట్టించమని కోరే చివరి రెండు వచనాలు తర్వాత చేర్చినవని చాలామంది పండితుల అభిప్రాయం.

క్షమాపణ దొరికినా ఫలితం తప్పలేదు; సమూయేలు గ్రంథం ప్రకారం బత్షెబకు పుట్టిన బిడ్డ చనిపోయాడు.

క్రైస్తవ సంప్రదాయంలోని 7 పశ్చాత్తాప కీర్తనల్లో ఇదొకటి. ఉపవాస, పశ్చాత్తాప దినాలైన శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం ఆరాధనలో దీన్ని చదువుతారు. గ్రెగోరియో అల్లెగ్రి 17వ శతాబ్దంలో దీని లాటిన్ పాఠానికి కట్టిన బాణీ నేటికీ ప్రసిద్ధం.