విద్యానగర్ వెనక గది

మన బడి నుంచి హైదరాబాదు చదువుకు పోయినవాళ్లకు ఉస్మానియా పరిసరాలు కొత్త కాదు. 1918లో అద్దె భవనాల్లో మొదలైన ఆ విశ్వవిద్యాలయానికి ఆడిక్‌మెట్‌లో వెయ్యి ఎకరాలకు పైగా భూమి కేటాయించారు. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. ఊరు ఆ గోడల దాకా పెరిగింది. క్యాంపస్ హాస్టళ్లలో పట్టనివాళ్లు, స్నేహితుడి గదిలో నాన్‌బోర్డర్‌గా సర్దుకోలేనివాళ్లు విద్యానగర్, నల్లకుంట వీధుల్లో గదులు వెతుక్కునేవారు.

నేను చదివింది వేరే కాలేజీలో. అయినా 1988లో నా మకాం విద్యానగర్‌లోనే, ఒక పెంకుటింటి వెనక గదిలో. ముగ్గురం, ఒక కిరోసిన్ స్టవ్వు. అద్దె ఆలస్యమైనా ఇంటి పెద్దమ్మ అడిగేది కాదు. పరీక్షల రాత్రుల్లో చెంబుతో మజ్జిగ పంపేది. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లకు ఇలాంటి వెనక గది ఉండేది. యూనివర్సిటీ చరిత్ర రాసేవాళ్లు ఆ ఇల్లాళ్లకు ఒక పేజీ ఇవ్వాలని నా అభిప్రాయం.

పెద్దమ్మ పోయాక పిల్లలు స్థలాన్ని డెవలప్‌మెంటుకు ఇచ్చారు. అపార్ట్‌మెంటు స్ట్రక్చరల్ డ్రాయింగుల మీద సంతకం నాదే. కింద కార్లు, పైన రెండు పడకగదుల ఫ్లాట్లు. విద్యార్థికి అద్దెకిచ్చే చిన్న గది ఎవరూ అడగలేదు, నేనూ గుర్తుచేయలేదు. ఇప్పుడు పక్క వీధిలో ప్రైవేటు హాస్టలుంది, గదికి ఆరుగురు. మా గది ఉన్నచోట లిఫ్టు గుంత పడింది.